తక్షణ సేవ

ఇంజనీరు సంచీ భుజాన వేసుకుని లేచేసరికి యజమాని వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికన్నా?"

"ఇంటికి. మా ఆవిడకి ఈ వారమంతా రాత్రి డ్యూటీ. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. నేను వెళితే గానీ పాపని వదిలి తను కదలలేదు."

"నిన్న కూడా ఇదే చెప్పావుగా?"

"చెప్పాను. వెళ్ళలేదు. నావల్ల ఆవిడ గంట ఆలస్యంగా వెళ్ళింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉండమని హెడ్ నర్సు మొహం మీదే చెప్పేసిందట."

యజమాని వయసులో ఇంజనీరుకన్నా చాలా చిన్న. "అన్నా" అని పిలిచి అడిగితే, అడిగింది అదనపు పనిలా వినిపించదని అతని అనుభవం.

"అన్నా, ఎల్లుండి పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తున్నారు. మనమంతా ఒక కుటుంబం. ఇలాంటప్పుడు నువ్వే..."

"నాకు ఇంకొకటి కూడా ఉంది బాస్. అదే ఇబ్బంది."

మూల బల్ల దగ్గరున్న అకౌంటెంటు కిసుక్కున నవ్వింది. యజమాని తలతిప్పగానే ఆ నవ్వును దగ్గుగా మార్చుకుంది.

ఆ కంపెనీ తయారుచేసేది ఒకే ఒక్క వస్తువు. డాబా మీద నీళ్ళ ట్యాంకు నిండగానే మోటారును దానంతట అదే ఆపే చిన్న పెట్టె. ఉన్నవి రెండు గదులు; కిటికీ ఉన్న గదిలో పెట్టెలు, కిటికీ లేని గదిలో మనుషులు. మోటారును ఎప్పుడు ఆపాలో ఆ పెట్టెకు కచ్చితంగా తెలుసు. దాన్ని తయారుచేసే మనుషులను ఎప్పుడు ఆపాలో తెలిసిన పెట్టెను మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇంజనీరు జేబులో ఫోను మోగింది.

"అయిదు నిమిషాల్లో బయలుదేరుతున్నా" అన్నాడు.

"ఆ అయిదు నిమిషాలు నిన్నటివా, ఇవాళ్టివా?" అంది భార్య.

"నిజంగానే లేచి నిలబడ్డాను."

"కూర్చోబెట్టేస్తారు లెండి. నేను యూనిఫాం వేసుకుని గుమ్మం వైపు చూస్తున్నాను. ఇవాళ కూడా ఆలస్యమైతే నా ఉద్యోగం పోయినట్టే. ఆ తర్వాత మీ కంపెనీ జీతం ఇచ్చిన నెలల్లో మాత్రమే మనం తిందాం."

ఫోను పెట్టేసింది. ఇంజనీరు నిజంగానే కూర్చున్నాడు. సంచీ మాత్రం దించలేదు. దించితే ఇక లేవలేనని అతనికి తెలుసు.

"ఇందులో ఏదో చిన్న తేడా ఉంది, చూసేసి వెళ్ళిపో" అని యజమాని బల్లమీద మరో పెట్టె పెట్టాడు. ఇంజనీరు మూత విప్పాడు. తేడా చిన్నది కాదు. ఏ సాయంత్రమూ చిన్నది కాదు.

సగం పని అయ్యిందో లేదో, యజమాని ఫోను టింగుమంది. కంపెనీ వెబ్‌సైటులో ఫిర్యాదుల పేజీని అతను తానే చూసుకుంటాడు. అక్కడ ఎవరేం రాసినా వెంటనే మనిషి జవాబు చెబుతాడన్నది కంపెనీ మొదటి వాగ్దానం; నిలబెట్టుకుంటున్నది కూడా అదొక్కటే.

"మోటారు ఆగడం లేదట. నీళ్ళు కిందివాళ్ళ గుమ్మంలోకి పోతున్నాయట" అని చదివాడు.

"ముందు స్విచ్ కట్టెయ్యమనండి."

యజమాని టైపు చేశాడు. జవాబు క్షణంలో వచ్చింది. "'స్విచ్ నేనే కట్టెయ్యాలంటే మీ పెట్టె ఎందుకు?' అంటున్నారు."

"న్యాయమే కదా" అంది అకౌంటెంటు.

"తీగ వదులై ఉంటుంది బాస్. ఎలా బిగించాలో ఫోన్లో చెబుతాను."

"'ఫోన్లో మాటలు చాలా విన్నాను. మనిషి రావాలి' అంటున్నారు."

"రేపు పొద్దున్నే వస్తానని రాయండి."

యజమాని రాశాడు. వచ్చిన జవాబు చదువుతూండగా అతని మొహంలో రంగు మారింది. "'ఇప్పుడే రాకపోతే మీ కంపెనీ ఎలాంటిదో ఊరంతా చదివేలా రాస్తాను' అంటున్నారు. పెట్టుబడిదారులు మొట్టమొదట చూసేది అదే అన్నా! లే, బయలుదేరు."

"బాస్, మా పాప..."

"ఒక్క చెడ్డ మాట చాలు, మునిగిపోతాం. చిరునామా నేరుగా నీ ఫోనుకే వచ్చేలా పెడతాను. పని పూర్తయ్యేదాకా అక్కణ్ణించి కదలకు. మళ్ళీ ఆఫీసుకు రానక్కర్లేదు. రేపు కాస్త ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు."

ఆ మాట కోసం ఇంజనీరు రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. చివరికి అది ఇంకెవరి ఇంటికోసమో వస్తుందని ఊహించలేదు.

మెట్లు దిగుతూ భార్యకు ఫోను చేశాడు. "నేను రాలేను. ఒక కస్టమరు ఇంటికి అర్జంటుగా వెళ్ళాలి. పక్కింటావిడని కాసేపు..."

"అలాగే. వెళ్ళండి."

తిట్లకు సిద్ధపడ్డ మనిషి మెట్టు మీదే ఆగాడు. "కోపంగా ఉందా?"

"లేదండీ. ఎంత అవసరం లేకపోతే వాళ్ళు పిలుస్తారు, పాపం! తొందరగా వెళ్ళండి. దారిలో ఎక్కడా ఆగకండి."

కోప్పడే ఓపిక కూడా లేకుండా చేశానన్నమాట, అనుకున్నాడు. రేపు రాజీనామా ఇచ్చెయ్యాలనీ అనుకున్నాడు, కిందటి నెలలో అనుకున్నట్టే. స్కూటరు మీద కూర్చుని, తాళంచెవి తిప్పకుండా కాసేపు హ్యాండిల్ మీద తల ఆనించాడు.

ఫోను టింగుమంది. కంపెనీ ఫిర్యాదుల పేజీనుంచి చిరునామా వచ్చింది. తల ఎత్తకుండానే చదివాడు.

"ఇస్త్రీ దుకాణం పైన, రెండో అంతస్తు, కుడివైపు ఇల్లు. పాప నిద్రపోతోంది, తలుపు కొట్టకండి. మీ తాళంచెవితోనే తీసి లోపలికి రండి."