మింగే గొట్టం

"ఇది కాలమ్ కాదండీ, రాకాసి నోరు!"

పెనం పిడికిలితో బల్ల మీద దబ్బుమని గుద్దాడు. డైరెక్టర్ కాఫీ కప్పు ఎగిరిపడింది.

ల్యాబులో అందరూ ఆయన్ని చాటుగా పెనం అనే అంటారు. ఎప్పుడు చూసినా కాలుతూనే ఉంటాడు మరి. ఆటగాళ్ళ మూత్రంలో నిషేధించిన మందులేమైనా ఉన్నాయేమో చూసే ల్యాబు అది. ఏ కాలమ్ వాడాలో తేల్చే పని ఆయనది. కాలమ్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. వేలెడంత స్టీలు గొట్టం, లోపల దట్టించిన తెల్లటి పొడి. నమూనా ఒక కొసన లోపలికి వెళ్తుంది. అందులో ఉన్నవన్నీ విడివిడిగా రెండో కొసన బయటికి రావాలి. మందు ఉంటే తెర మీద గీత కొండలా లేస్తుంది.

"రావాలి కదా? రావడం లేదు!" పెనం గొంతు చించుకున్నాడు. "సత్తువ పెంచే పెప్టైడ్ మందు నా చేత్తో నేనే కలిపి పంపించాను. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారీ లేదు. గోడలకీ పొడికీ అంటుకుపోయింది. వాటి కడుపు నిండాక ఏదో కాస్త బయటికొచ్చింది. కొంచెం కొంచెంగా వాడే దొంగలందర్నీ ఇన్నేళ్ళూ మనం దణ్ణం పెట్టి వదిలేశాం!"

"మరి కొత్తగా తెప్పించిన కాలమ్?" అన్నాడు డైరెక్టర్.

"లోపలంతా పూత పూశారు. పొడికీ ఆ అంటుకునే గుణం చంపేశారు. పంపిందంతా మొదటిసారే వచ్చేసింది."

డైరెక్టర్ నవ్వాడు. "ఇంత కోపం మందు మీదా, మీ అమ్మాయికి రెండో స్థానం వచ్చినందుకా?"

పెనం మొహం జేవురించింది. పోయినేడు పరుగు పందెంలో కూతురు వెంట్రుకవాసిలో ఓడిపోయింది. గెలిచింది ఎవరో పొడుగుపిల్ల. ఆ రోజు నుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు.

"రెండిటికీ! నా పిల్ల కాళ్ళు బొబ్బలెక్కేదాకా పరిగెత్తింది. ఆ పొడుగుది మందు ఎక్కించుకొచ్చి పతకం తన్నుకుపోయింది. ఆ పందెం నమూనాలు దాచే ఉంచారుగా? కొత్త కాలమ్‌లో మళ్ళీ చూడండి. నేను వాటి ఛాయలకి కూడా రాను, సరేనా?"

డైరెక్టర్‌కి తలూపక తప్పలేదు.

ఇంట్లోనూ ఏళ్ళ తరబడి ఇదే గోల. ఆ కాలమ్‌ని నాలుగు తిట్లు తిట్టందే ఆయనకి ముద్ద దిగేది కాదు. ఏది దానికి దొరుకుతుందో, ఏది దొరకదో కంచం ముందు కూర్చుని ఏకరువు పెట్టేవాడు. "ముందు తిని చావండి" అని భార్య విసుక్కునేది.

నమూనాలు మళ్ళీ చూస్తున్నారని తెలిసి కూతురు ఒక్కటే మాట అంది. "పోనీలే నాన్నా, రెండో స్థానం చాలదా?"

"చాలదు!" అని అరిచాడు. ఇంత మెతకగా ఉంటే లోకంలో ఎలా బతుకుతుందని ఒళ్ళు మండిపోయింది ఆయనకి.

వారం తిరక్కుండానే, ఆ నమూనాలు చూస్తున్న ఆవిడ పెనం గదిలోకి వచ్చింది.

"సార్, ఒకదాంట్లో దొరికింది. చిన్న కొండే, కానీ అనుమానం లేదు. మన దగ్గర నంబరే ఉంది. పేరు రేపు పై ఆఫీసువాళ్ళు తీస్తారు."

"పేరెందుకమ్మా, నాకు తెలుసు!"

ఇంటికొచ్చిన పెనం చెప్పులు కూడా విప్పలేదు. కూతురు హాల్లో నేల మీద కూర్చుని, సాయంత్రం పరుగుకి బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"దొరికింది! దొంగమొహంది దొరికింది!" అంటూ ఇల్లు అదిరేలా అరిచాడు. "ఇక జన్మలో మైదానం మొహం చూడనివ్వరు. దాన్ని కాదు, దానికి ఈ తెలివితేటలు నేర్పినవాణ్ణి ముందు నడివీధిలో నిలబెట్టి తన్నాలి!"

కూతురి వేళ్ళు ఆగిపోయాయి. తలెత్తలేదు.

"అంత కొంచెమైతే ఆ కాలమ్ మింగేస్తుందని నువ్వేగా చెప్పావు, నాన్నా."