పది కత్తులు

"ఆ కార్డే పడాలక్కా. ఇంకోటి పడితే మా అత్త మళ్లా ఆశ పెట్టుకుంటాది" అంది భువన.

కర్నూలులో సెల్‌ఫోన్ల షాపు మీద ఒక చిన్న గది. అందులో టారో కార్డులతో జోస్యం చెబుతుంది తనూజ. కట్టలోంచి ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. బోర్లా పడిన మనిషి. వీపులో పది కత్తులు. పైనంతా నల్లటి ఆకాశం.

"దీనికర్థం సావొక్కటే కాదు భువనా. బాధ చివరికొచ్చింది, ఇంతకు మించి జరిగేదేం లేదు అని. కింద చూడు, తెల్లారుతాండాది."

"ఆ మాటే చెప్పక్కా మా అత్తకు. ఇంకేం వద్దు."

"కార్డు ముందే పెట్టి చూపించడం నా పద్ధతి కాదు."

"రేపు పిల్చుకొస్తా. ఆమెను చూసినాక నువ్వే పెడతావు."

భువన భర్త హనుమేష్ మూడేళ్ల కిందట వానల్లో ఊరి పక్క వంక దాటబోయి బండితో సహా కొట్టుకుపోయాడు. బండి కంపచెట్లలో దొరికింది. మనిషి దొరకలేదు. పోయాడని ఊరంతా ఒప్పుకుంది. తల్లి గిడ్డమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"శవం చూపించండప్పా, అప్పుడు ఏడుస్తా. నా కొడుకు ఈత రానోడా? యాడో ఒకతావ బతికే ఉండాడు" అని, కర్మల మాట ఎత్తిన పెద్దమనుషుల్ని వాకిట్లోంచే పంపేసింది. కోడలి గాజుల మీద చెయ్యి వేయబోయిన ముసలమ్మల్ని తిట్టి తరిమింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో రోజూ ఒక పళ్లెం ఎక్కువ. కొడుక్కి జొన్నరొట్టె పెట్టి మూతేశాకే గిడ్డమ్మ తినేది. తినేదేముంది, సగం రొట్టె. తెల్లారి ఆ పళ్లెంలోది తీసి గోడ మీద కాకులకు వేసేది. ఏటా దసరాకు ముందు ఒకరోజు కర్నూలు పోయి, ఆస్పత్రులూ బస్టాండూ ఆశ్రమాలూ వెతికొచ్చేది. "నేనూ వస్తానత్తా" అని భువన అంటే, "బిడ్డను ఎవరు చూస్తారు? నువ్వు ఇంటికాడుండు" అనేది.

శుక్రవారం వచ్చిందంటే మాత్రం కోడలి వెంట పడేది.

"మ్మే, తాళికి పసుపు పెట్టుకున్యావా? పూలు యాడ? మొగుడుండే దానివి, ఆ మొగం చూడు, ఎట్ల పెట్టుకున్యావో."

భువన పెట్టుకునేది. ఆమె ఏడుపు ఎప్పుడో అయిపోయింది. తలుపేసుకుని, నీళ్లు పోసుకునే చప్పుడులో కలిపి ఏడ్చేసింది. పసుపూ పూలూ అత్త కోసమే.

ఇక వల్ల కావడం లేదు. గిడ్డమ్మ ఎముకల గూడయింది. ఒంట్లో జబ్బేం లేదనీ, బెంగ తీరకపోతే మనిషి దక్కదనీ డాక్టరు చెప్పాడు. పైగా పాప. సందులో బండి చప్పుడైతే చాలు, అవ్వ పక్కన కూర్చున్నదల్లా "నాయనేనా?" అంటూ లేచి నిలబడుతోంది. చిన్నపిల్లకు ఎదురుచూడటం అలవాటైపోతుంటే తల్లి మనసు ఊరుకుంటుందా? ఏడో క్లాసుతో బడి మానేసిన భువనకు ఇంకో దారి తోచలేదు. ఒకరోజు ఫోన్లో ఏవో వీడియోలు చూస్తుంటే ఈ కార్డు కనబడింది.

మర్నాడు గిడ్డమ్మ ఆ గది నాలుగు మూలలూ చూసింది.

"చిలక యాడమ్మా?"

"చిలక పని కూడా నేనే చేస్తా పెద్దమ్మా."

"అట్లయితే నీకు గింజలు శానా కావాలే."

తనూజ నవ్వింది. గిడ్డమ్మ బొమికల చేతులు చూసి, నవ్వు ఆపేసి, నిన్నటి కార్డును చాటుగా కట్ట పైన పెట్టింది.

"ఏం అడుగుతావు పెద్దమ్మా?"

"నేనేం అడగను. నా కోడలు అడుగుతాది."

"మా ఆయన వస్తాడా, రాడా? అంతే అక్కా" అంది భువన.

తనూజ కార్డు తిప్పింది. నిన్న చెప్పిన మాటే మెల్లగా చెప్పింది. "అయిపోయింది పెద్దమ్మా. ఆయనకు ఇంక ఏ నొప్పీ లేదు. ఎదురుచూడొద్దు."

గిడ్డమ్మ కార్డు వైపు చూడనేలేదు. కోడలినే చూస్తోంది. నుదుటి బొట్టు నుంచి చేతుల దాకా చూసింది. చూసి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఈ ముక్క తీసేయమ్మా. ఇంకోటి వేయి."

"ఒక్కసారే పెద్దమ్మా."

భువన అత్తను పట్టుకుంది. "నాకు ఎప్పుడో తెలుసత్తా. నువ్వు తట్టుకోలేవనే చెప్పలేదు. ఈపొద్దు కడుపారా ఏడ్చి, ఇంత తిను."

"నీకేం తెలుసే, పిచ్చిదానా" అంది గిడ్డమ్మ.

కిందికి దిగాక భువన ఆటోను పిలిచింది. "నది ఈడే ఉండాది. చేసేది చేసేద్దామత్తా."

"ఈడొద్దు. మంత్రాలయం పోదాం. పైనెల."

"ఈ పొద్దు దాటితే మళ్లా నీ మనసు తిరుగుతాది."

తుంగభద్ర ఒడ్డున గిడ్డమ్మ పై మెట్టు మీదే కూలబడింది. కొంగు మొహం మీదికి లాక్కుని, "నువ్వు పో" అంది. అత్తకు ఆ నీళ్లు చూసే ఓపిక లేదనుకుని భువన ఒక్కతే దిగింది. పిండాలు పెట్టించే అయ్యవారు తలెత్తాడు.

"ఎవరికమ్మా?"

"మా ఆయనకు సామీ. పేరు హనుమేష్. వంకలో పోయినాడు, మనిషి దొరకలేదు. పాపం, మా అత్త ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు. ఈపొద్దే ఒప్పించినా."

అయ్యవారు పై మెట్టు వైపు చాలాసేపు చూశాడు.

"ఆ పెద్దమ్మ ఏటా పెద్దల అమావాస్యకు వచ్చి ఆ పేరు మీదనే పిండం పెట్టించి, 'నా కోడలికి తెల్వనీయొద్దు సామీ, అది పదికాలాలు ముత్తైదువగా ఉండాల' అని దండం పెట్టి పోతాంది కదమ్మా" అన్నాడు.