కిటికీ పక్క మంచం

మూడో ఆశ్రమంలో కూడా తల అడ్డంగానే ఊపారు.

అచ్చిబాబు ఉసూరుమంటూ వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

మండపేట రైసుమిల్లులో గుమాస్తా అతను. పొద్దున్నే స్కూటరేసుకుని రాజమండ్రి వచ్చి, మేనత్త బుజ్జమ్మని చేర్పించడానికి వృద్ధాశ్రమాల చుట్టూ తిరుగుతున్నాడు.

మొదటిది అద్దంలా ఉంది. నెలకి వాళ్ళడిగింది మిల్లులో అతనికిచ్చే జీతం కంటే ఎక్కువ. ఆయాకి వేరే, మందులకి వేరే. రెండోదాంట్లో తక్కువే గానీ, మంచం దిగలేని వాళ్ళని చేర్చుకోరట. మంచం దిగగలిగితే అత్తని ఇక్కడికి తీసుకురావడం దేనికి?

ఈ మూడోది ట్రస్టు వాళ్ళది. పిల్లల్లేని ముసలివాళ్ళ దగ్గర పైసా తీసుకోరు. పక్షవాతం వచ్చినవాళ్ళనీ చూసుకుంటారు. మేనేజరు పల్లంరాజుగారు కుర్చీ వేసి మరీ మాట్లాడారు. కానీ మంచాలు నిండిపోయాయి.

"ఖాళీ అయితే కబురు చేస్తానండి. కాకపోతే ఇక్కణ్ణించి నడిచి వెళ్ళేవాళ్ళెవరూ ఉండరు కదా," అన్నారు.

అంటే ఎవరో ఒకరు పోవాలి. తలుచుకుంటేనే అచ్చిబాబుకి తన మీద తనకే రోత పుట్టింది.

ఇంటి దగ్గర భార్య సూర్యకళకి నడుం ఆపరేషనైంది. బిందె కూడా ఎత్తొద్దన్నారు డాక్టరు. పగలు అత్తని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టే దిక్కు లేక వీపు మీద పుండ్లు పడ్డాయి. వృద్ధాప్య పింఛను మందులకే చాలడం లేదు, మనిషిని పెట్టుకునే స్తోమతెక్కడిది? తల్లి లేని తనని పెంచి పెద్దచేసిన మనిషి. ఆ పుండ్లు కడుగుతున్నప్పుడల్లా అచ్చిబాబుకి ఏడుపొచ్చేస్తోంది.

"మంచినీళ్ళు తాగు బాబూ."

ఎవరో పెద్దాయన. అక్కడ ఉండేవాడే, లోపలి మాటలన్నీ విన్నట్టున్నాడు. గ్లాసు చేతికిచ్చి పక్కనే చతికిలబడ్డాడు.

ఇంక మొదలు. ఏ ఊరు, ఇంటిపేరేంటి, నాన్నగారి పేరేంటి? మన పెద్దవాళ్ళకి ఇదో జబ్బు. ముక్కూ మొహం తెలియనివాడితో కూడా చుట్టరికం తేల్చుకోందే వదలరు.

అచ్చిబాబు ముక్తసరిగా చెప్పాడు. ఆయన వదిలితేనా? అమ్మగారిది ఏ ఊరన్నాడు. పట్టిసీమ. మేనమామలున్నారా అన్నాడు. అమ్మ చిన్నప్పుడే పోయిందనీ, అటువైపు వాళ్ళెవర్నీ తనెరగననీ అచ్చిబాబు చెప్పాడు. అమ్మ పేరు, తాతగారి పేరు కూడా చెప్పించుకునేసరికి చిర్రెత్తుకొచ్చింది.

"ఇవన్నీ మీకెందుకండీ? నాకేమన్నా సంబంధం చూస్తున్నారా?"

పెద్దాయన నవ్వేశాడు. మీ అత్తకి పుండ్లు పడ్డాయా అని మాత్రం అడిగాడు. పడ్డాయని చెప్పాడు అచ్చిబాబు. పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"నన్ను కోటిపల్లి బస్టాండు దగ్గర దింపుదువు గానీ, ఉండు. సంచి తెచ్చుకుంటాను. మావాళ్ళింటికెళ్ళాలి."

మొహమాటానికి సరే అన్నాడే గానీ, లోపలికి వెళ్ళిన మనిషి ఎంతకీ రాడే. అవతల అత్తకి గంజి పట్టే వేళ దాటిపోతోంది. చెప్పకుండా వెళ్ళిపోదామని అచ్చిబాబు స్కూటరు స్టార్ట్ చేస్తుండగా, చేసంచీ గొడుగూ పట్టుకుని వచ్చాడు. వెనకే పల్లంరాజుగారు గబగబా వచ్చి అచ్చిబాబు చేతులు రెండూ పట్టేసుకున్నారు.

"మంచి పని చేస్తున్నారండి."

బస్టాండు దాకా దింపినందుకు ఇంత మర్యాదా అనుకున్నాడు అచ్చిబాబు.

దారి పొడుగునా పెద్దాయన అతని భుజం పట్టుకుని కూర్చున్నాడు. దిగాక సంచి సర్దుకుంటూ అన్నాడు:

"కిటికీ పక్క మంచం మంచిది బాబూ. గోదావరి గాలి తిన్నగా తగులుతుంది. పుండ్లు తొందరగా ఆరతాయి."

అసలు మంచమే లేదురా భగవంతుడా అంటుంటే, కిటికీ పక్కదట. అచ్చిబాబుకి ఒళ్ళు మండింది. ఏ బస్సెక్కుతారు, చిల్లర ఉందా అని అడగనూ లేదు. గేరు మార్చి వెళ్ళిపోయాడు.

మర్నాడే మిల్లుకి ఫోనొచ్చింది. మంచం ఖాళీ అయింది, తీసుకురండి అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశారు. ఎవరు పోయారని అడగడానికి అచ్చిబాబుకి నోరు రాలేదు.

కారు మాట్లాడుకుని, అత్తని వెనకసీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. ఇద్దరు ఆయాలు ఒడుపుగా ఎత్తి, ఉతికిన దుప్పటి మీద ఆమెని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. కిటికీలోంచి చల్లగాలి కొట్టింది.

"హాయిగా ఉందిరా," అంది బుజ్జమ్మ కళ్ళు మూసుకుని.

ఎన్నాళ్ళకో విన్నాడా మాట. గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చాడు ఆ పెద్దాయన. దాహమని అడక్కుండానే నీళ్ళు తెచ్చిచ్చిన మనిషిని ఊరికే విసుక్కున్నాననిపించింది. పల్లంరాజుగారు అటుగా వస్తే, నిన్న తను బస్టాండులో దింపిన ఆయన తిరిగొచ్చారా అని అడిగాడు.

పల్లంరాజుగారు తెల్లబోయారు.

"బస్టాండేంటండీ? నా అన్నవాళ్ళు లేక ఇన్నేళ్ళూ ఈ మంచం మీదే గడిపారు జోగేశ్వరరావుగారు. మీరు ఆయనకి పట్టిసీమ చెల్లెలి కొడుకట కదా! ఇంటిపేరు, తాతగారి పేరు అన్నీ చెప్పారు. మీరు గుర్తుపట్టి ఇంటికి రమ్మన్నారనీ, తన మంచం మీ అత్తగారికే ఇవ్వమనీ బతిమాలితేనే కదండీ ట్రస్టు వాళ్ళు ఒప్పుకున్నారు. మీ మావయ్య ఇప్పుడు మీ ఇంట్లో లేరా?"