కొత్త సభ్యురాలి అడ్రసు

"రండమ్మా, మీకోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాం!" అంటూ అధ్యక్షులవారు స్వయంగా కుర్చీ లాగారు.

పేదలకు ఉచితంగా కేసులు చూసే ఆ ఆఫీసుకి ఒక సలహా సంఘముంది. అందులో పేదవాళ్లెవరూ లేరని పైనుంచి చీవాట్లు పడ్డాయి; ఇవాళ ఒక పేదావిడని సభ్యురాలిగా పంపుతామన్నారు. దాంతో, తలుపు తోసుకొచ్చిన ఈ నలిగిన చీరావిడే కొత్త సభ్యురాలని ఆయన ఇట్టే తేల్చేసుకున్నారు.

"నేను బట్టలు ఇస్త్రీ చేస్తానండీ. లాయరుగారితో ఒక్క మాట..."

"ఆయన మీటింగు విశేషాలు రాసుకుంటున్నారు. మాకు చెప్పండి, మీ వాడలో కష్టాలేంటి?"

"రేపు పొద్దున్న ఇల్లు ఖాళీ చెయ్యకపోతే సామాన్లు రోడ్డు మీద పడేస్తానన్నాడండీ, ఓనరు."

"అద్భుతం!" అధ్యక్షులవారు బల్ల చరిచారు. "జనం గొంతంటే ఇదీ! అద్దె ఇళ్ల సమస్య. వచ్చే నెల మీటింగులో మొదట దీన్నే చర్చిద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఏం చెయ్యాలో తోచక ఆవిడా కొట్టింది.

"మీటింగుకి పిలుపు పంపాలి. మీ అడ్రసు చెప్పండమ్మా." ఆయన పెన్ను తీశారు.

"రేపటిదాకా ఈ వెనకవీధేనండీ," అందావిడ. "ఆ తర్వాత కూడా అక్కడే ఉండేలా చూస్తారనే మీ దగ్గరికొచ్చాను."

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు. ఆ సంఘం పుట్టాక మొదటిసారి, ఎవరి దగ్గరా సలహా లేదు.