నొప్పికి మార్కులు

"మంచి కబురమ్మా. మీ నొప్పి తగ్గిపోయింది" అన్నాడు ఫ్యాక్టరీ డాక్టరు, కళ్లజోడు తీస్తూ.

ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. ఆ కాస్త కదలికకే నడుము నుంచి మెడ దాకా సలుపు పాకింది.

"తగ్గడమేంటండీ? ఇవాళ పొద్దున మా పాపకు జడ వేద్దామంటే చేతులు పైకి లేవలేదు."

"నేనన్నది కాదమ్మా, మీరు రాసిందే." పుస్తకం ఆమె వైపు తిప్పాడు. "మొదటి రెండు వారాలూ పదికి ఎనిమిది, తొమ్మిది. తర్వాత చూడండి. రెండు, ఒకటి, రెండు, రెండు... మందు బాగా పట్టింది."

నిన్న సాయంత్రం ఆమె వేసింది తొమ్మిది. మొన్న ఎనిమిది.

ఒంటి నొప్పులకు ఫైబ్రోమయాల్జియా అని పేరు చెప్పింది కూడా ఆయనే. రక్తపరీక్ష బాగుంది, ఎక్స్‌రే బాగుంది, చూడ్డానికి మనిషి నిక్షేపంలా ఉంది. ఒళ్లు మాత్రం రోట్లో వేసి దంచినట్టు ఉంటుంది. ఇస్త్రీ సెక్షన్‌లో ఎనిమిది గంటలు నిలబడి బరువైన పెట్టె తోస్తుంటే నోట్లోంచి జారే మాటనే తోటివాళ్లు ఆమెకు పేరుగా పెట్టేశారు: 'అమ్మో'. కూర్చుని బొత్తాలు కుట్టే పనికి మార్చమని అడిగితే, రోజూ నొప్పికి పదికి ఎన్నో మార్కులు వేసి రెండు నెలలయ్యాక తెమ్మన్నాడు డాక్టరు. రోజుకో పేజీ. వెనక్కి చూస్తే నిన్నటితో పోల్చుకుని వేస్తారట, అందుకని రాసిన పేజీని రాసినట్టే తిప్పేసి క్లిప్పు పెట్టమన్నాడు. ఆమె పొల్లు పోకుండా అలాగే చేసింది. నొక్కి రాయడానికి వేళ్లు ఒప్పుకోవు కాబట్టి పెన్సిలుతో వేసింది. అదే కొంప ముంచింది.

"ఇవి నేను వేసినవి కావండీ. ఎవరో చెరిపి మళ్లీ వేశారు."

డాక్టరు మళ్లీ చూశాడు. "అన్నీ ఒకే రకం వంకర్లు కదమ్మా." నిజమే. వేళ్లు పట్టేసిన రోజు ఆమె అంకెలూ అంతే వంకరగా ఉంటాయి.

"పుస్తకం ఎక్కడ ఉంటుంది?"

"మా వంటింటి కిటికీలో."

"మరి మీ ఇంట్లోకొచ్చి ఎవరు చెరుపుతారు?"

ఆమె కాక ఆ వంటింట్లోకి వచ్చే పెద్దమనిషి ఒక్కడే. "రోజూ నొప్పి నొప్పి అని రాసుకుంటే నొప్పే మిగులుతుంది, ఆ పుస్తకం అవతల పారెయ్" అని వారానికోసారి అనే మొగుడు. కట్టుకున్నవాడి మీద బయటివాళ్లకు ఏమని చెప్తుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. పుస్తకం తీసుకుని లేచింది.

"బొత్తాల సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు డాక్టరు, పాపం మంచిగానే.

ఇంకో ఏడాది నిలబడాలి. ఇంటిదాకా ఏడుస్తూనే నడిచింది.

సాయంత్రం భర్త బస్సు డ్యూటీ దిగి ఇంట్లో కాలు పెట్టగానే పుస్తకం అతని ముందుకు విసిరింది. విసిరినందుకు భుజం ప్రాణం తీసింది.

"నా నొప్పి నీకు కనపడకపోతే పోయింది. నేను రాసుకున్నది చెరపడానికి చేతులెలా వచ్చాయి?"

అతను పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. మొహం పాలిపోయింది.

"నేను దీన్ని ముట్టుకుంటే ఒట్టు."

"పారెయ్ పారెయ్ అన్నది ఎవరు?"

"అన్నాను. అది రాసేటప్పుడు నీ మొహం చూడలేక అన్నాను." పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "నాకు కనపడదనుకున్నావా? తెల్లారి గోడ పట్టుకుని మంచం దిగుతావు. చూస్తే నీకు నామోషీ అని నిద్రపోతున్నట్టు పడుకుంటాను."

ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారి అని ఉంటే చాలు కదా అనుకుంది ఆమె. అనుకునేసరికి దుఃఖం ముంచుకొచ్చింది.

"నాన్నను తిట్టకమ్మా. నేనే."

తలుపు చాటున ఐదేళ్ల కూతురు. అందరూ గువ్వ అంటారు దాన్ని. గుప్పిట్లో అరిగిపోయిన రబ్బరుముక్క.

"నువ్వా? ఎందుకే?"

"ఆ రోజు ఎత్తుకోమని నేను ఏడిస్తే నాన్నే చెప్పాడుగా, పుస్తకంలో అంకె తగ్గాక అమ్మ ఎత్తుకుంటుందిలే అని."

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే, వీళ్లు లేవకముందే, స్టూలెక్కి క్లిప్పు తీసి, చెరిపి వేరే అంకె వేస్తోందట. బళ్లో నేర్పిన వాటిల్లో ఒకటీ రెండూ అయితే బాగా వచ్చట.

అతను ఉన్నచోటే కూలబడ్డాడు.

గువ్వ తల్లి దగ్గరికొచ్చి రెండు చేతులూ పైకి చాచింది.

"రోజూ తగ్గిస్తూనే ఉన్నా కదమ్మా. మరి ఇంకా ఎత్తుకోవేం?"