మూడుసార్లు ఆగే రైలు

“తలకి నూనె పెట్టలేదు గదా?” అని అడిగింది క్లినిక్‌లో పనిచేసే భువనేశ్వరి.

“లేదమ్మా,” అంది పాప తల్లి అమ్మణి.

రోజూ అడిగే ప్రశ్నే. నూనె ఉంటే తీగ అంటదు. భువనేశ్వరి పాపిట తీసి, శ్రీప్రియ నడినెత్తిన జిగురు రాసి, తీగ చివరి బిళ్లను అతికించింది. చెవులకు రెండు క్లిప్పులు పెట్టింది. శ్రీప్రియకు పదేళ్లు. కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపుతోంది.

అది 1998 ఏప్రిల్. చెన్నై వాషర్‌మెన్‌పేటలో, కుదురులేని పిల్లలకు శిక్షణ ఇచ్చే ఆ క్లినిక్‌కి శ్రీప్రియ చదివే బడి హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. శ్రీప్రియను ఆరో తరగతిలోకి తీసుకోవాలా, టీసీ ఇచ్చి పంపాలా అన్నది కళ్లతో చూసి తేల్చుకుంటానంది.

తెర మీద అప్పటికే ఒక రైలు పోతోంది.

“ఇంకా మొదలే పెట్టలేదు. రైలెట్లా పోతా ఉంది?” అంది హెడ్‌మిస్ట్రెస్.

“అది నమూనా రైలు మేడమ్. తల నించి ఏమీ అందకుంటే ఈ యంత్రం పెట్టె దాన్నే తిప్పతా ఉంటాది. ఇప్పుడు పాప రైలు వస్తాది చూడండి.”

భువనేశ్వరి మీట నొక్కింది. రైలు మళ్లీ స్టేషన్ నుంచి బయలుదేరింది.

“మెదడు కుదురుగా ఉంటే పోతాది, చెదిరితే ఆగతాది. మొదటి వారం పది నిమిషాల్లో ఇరవైసార్లు ఆగింది. ఇప్పుడు రెండు వారాలుగా మూడే.” నోట్‌బుక్ తిప్పి చూపించింది.

“మూడు దాటితే?”

“దాటదు మేడమ్.”

“దాటితే టీసీ. క్లాసులో నలభై ఐదు మంది ఉండారు. దీని ఒక్కదాని వెనకాల పరిగెత్తేదానికి నా వల్ల కాదు.”

హెడ్‌మిస్ట్రెస్ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. అమ్మణి గోడకు ఆనుకుని కొంగు చివర మెలితిప్పుతోంది. మొగుడు అంబత్తూరు ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. ఇంతకు ముందు రెండు బళ్లు శ్రీప్రియను వద్దన్నాయి. ఇది మూడోది.

రైలు వంతెన దగ్గరికి వచ్చింది. శ్రీప్రియ కిటికీ వైపు తల తిప్పింది. రైలు ఆగింది.

“ఒకటి,” అంది హెడ్‌మిస్ట్రెస్.

“ఏందిమే ప్రియా, ఈడ చూడు!” అంది అమ్మణి.

“మీరు మాట్లాడకండక్కా,” అంది భువనేశ్వరి.

శ్రీప్రియ తెర వైపు తిరిగింది. రైలు కదిలింది.

అంతకు ముందు, శిక్షణ రెండో వారం మొదట్లో ఒకరోజు, శ్రీప్రియ తెరనే చూస్తుండగా రైలు ఆగింది. “నేను చూస్తానే ఉండానమ్మా,” అంది. “చూస్తా ఉంటే ఎందుకాగతాది? అబద్ధాలా?” అని అమ్మణి తొడపాశం పెట్టింది. మళ్లీ శ్రీప్రియ ఆ మాట అనలేదు.

అయిదో నిమిషంలో శ్రీప్రియ ఫ్యాను వైపు చూసింది. రైలు ఆగింది.

“రెండు.”

వీధిలో లారీ హారన్ మోగింది. హెడ్‌మిస్ట్రెస్ ఉలిక్కిపడింది. శ్రీప్రియ తల తిప్పలేదు. రైలు పోతూనే ఉంది. సొరంగం వచ్చింది. శ్రీప్రియ మళ్లీ కిటికీ వైపు చూసింది. కిటికీలో ఏమీ లేదు. రైలు ఆగింది.

“మూడు. ఇంకా రెండు నిమిషాలుండాయి.”

అమ్మణి కళ్లు మూసుకుంది. శ్రీప్రియ కాళ్లు ఊపడం మానేసింది. రైలు స్టేషన్ చేరింది.

హెడ్‌మిస్ట్రెస్ గడియారం పెట్టుకుంది. “నేను నమ్మలేదు గానీ, యంత్రం నిజమే చెప్తా ఉంది. తల తిప్పినప్పుడల్లా ఆగింది, తెర చూసినప్పుడల్లా పోయింది. సరి, జూన్‌లో పంపండి.” కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది.

అమ్మణి ఏడ్చింది. భువనేశ్వరి నవ్వుతూ బిళ్ల తీయబోయింది. లాగకముందే అది జారి చేతిలోకి వచ్చింది. వేళ్లు రుద్దుకుని వాసన చూసింది. ఆముదం.

“అక్కా, ఏందిది?”

“రవంతేనమ్మా, నడినెత్తిన. కరెంటు తీగ గదా, తల వేడెక్కి పోతాదని. పైపైన తువ్వాలుతో తుడిచే తెచ్చినా.”

“ఎన్నాళ్ల నించి?”

“రెండో వారం నించి.”

భువనేశ్వరి నోట్‌బుక్ చూసింది. రెండో వారం నుంచి పేజీ కిందిదాకా మూడు, మూడు, మూడు. తీగలు ఆమె చేతిలోనే ఉన్నాయి. తెర మీద రైలు మళ్లీ బయలుదేరింది. వంతెన దగ్గర ఆగింది.

ఆమె శ్రీప్రియ ముందు గొంతుక్కూర్చుంది.

“ప్రియా, ఇది నమూనా రైలు, నీ రైలు కాదు. మరి నువ్వు పక్కకి చూసినప్పుడల్లా ఎట్లా ఆగింది?”

శ్రీప్రియ తల్లి చేతి వైపు చూసి, తొడ మీద అరచెయ్యి పెట్టుకుంది.

“ఆగే చోటు రాగానే నేనే పక్కకి చూస్తానక్కా.”