సెగ తగలని డప్పు

పూర్వం మా పేటలో చర్చి కట్టించిన మిషనరీ దొర మునిమనవడు మొన్న ఆదివారం లండన్ నుంచి వచ్చాడు. వాళ్లింట్లో ఉన్న మా పాత డప్పును అద్దాల పెట్టెలో పెట్టి తెచ్చాడు.

“మీది మీకు ఇచ్చేస్తున్నాం” అన్నాడు. పాస్టరుగారు మాచేత చప్పట్లు కొట్టించారు.

వాయించడం వచ్చినవాడు పేట మొత్తం మీద మా తాత కృపానందం ఒక్కడే. వాళ్ల నాన్న తలుపేసుకుని అన్నం పళ్లెం మీద నేర్పిన దరువులు.

తాత వేళ్లతో కొట్టి చూశాడు. తడిగుడ్డ మీద కొట్టినట్టుంది.

“వినీలా, కాస్త గడ్డి అంటించమ్మా. తోలు కాగితేగాని పలకదు.”

చర్చి వెనక ఎండుగడ్డి అంటించాను. తాత డప్పును సెగకు పట్టాడో లేదో, ఆ లండన్ దొర ఇంగ్లీషులో అరుస్తూ పరుగెత్తుకొచ్చి లాక్కున్నాడు.

“ఏమంటున్నాడమ్మా?”

“నిప్పు దగ్గర పెట్టకూడదంట తాతా. ఇలాంటివి ఇంకెక్కడా దొరకవంట.”

తాత మంటవైపే చూస్తూ చేతులు దులుపుకున్నాడు.

“ఎందుకు దొరుకుతాయి? మనోళ్లకి బాప్తిస్మం ఇచ్చిన రోజున ఇదొక్కటి దాచుకుని, మిగతావన్నీ సైతానువని ఇక్కడే మంటలో వేయించింది వాళ్ల ముత్తాతే. అతనికి చెప్పు.”